తోటలో నెమళ్లను పెంచాలని ఉంది, ఎక్కడ మొదలుపెట్టాలి?

పాకాల_తోట · జూన్ 8, ఉదయం 6:50

అందరికీ నమస్కారం. మాది పాకాల దగ్గర పల్లె. ఆరెకరాల మామిడి తోట ఉంది. ఎక్కువ బెంగళూరా చెట్లే, పడమటి పక్క ఒక వరస నీలం రకం. చెన్నైలో పన్నెండేళ్లు ఉద్యోగం చేసి, రెండేళ్ల కిందట ఊరికి వచ్చేశాను. తోటలోనే చిన్న ఇల్లు కట్టుకున్నాం.

మా తోట వెనకాల గుట్ట మీద నెమళ్లు ఉన్నాయి. తెల్లవారుజామున వాటి కేక వినిపిస్తే మా పాప లేచి కూర్చుంటుంది. దానికి ఏడేళ్లు. ఎవరో ఇచ్చిన నెమలీకను పుస్తకంలో పెట్టుకుని, రోజూ ఈతాకు చించి మేత వేస్తోంది, పిల్లలు పెడుతుందని. దాన్ని చూశాకే మనమే ఒక జంటను పెంచుకుంటే ఎంత బాగుంటుంది అనిపించింది.

కంచె ఉంది. పన్నెండడుగుల పొడవు, పదడుగుల వెడల్పుతో కోళ్ల షెడ్డు ఉంది, అందులో ఇరవై నాటుకోళ్లు ఉన్నాయి. సంతలో ఒకతను జత నెమలి పిల్లలు తెచ్చిస్తానన్నాడు. అడ్వాన్సు ఇంకా ఇవ్వలేదు. నాకు తెలియాల్సినవి ఇవి. ఒక పోతుకు ఎన్ని పెట్టలు ఉండాలి? కోళ్లతో కలిపి ఉంచవచ్చా? మేత ఏమిటి? వదిలేస్తే గుట్టకు ఎగిరిపోతాయా? నెమళ్లు ఉంటే పాములు రావంటారు, నిజమేనా? పెంచినవాళ్లు ఎవరైనా ఉంటే చెప్పండి.

కోటవీధి · జూన్ 8, ఉదయం 7:25

అన్నా, అడ్వాన్సు ఇవ్వకండి. ఆ మనిషి మళ్లీ వచ్చినా వద్దని చెప్పేయండి. నెమలిని ఇంట్లో పెట్టుకుంటే కేసు అవుతుంది. ఇక్కడ ఒక రిటైర్డ్ అటవీ ఉద్యోగి ఉన్నారు, శేషాచలం_కాలిబాట అనే పేరుతో రాస్తారు. ఆయన వివరంగా చెబుతారు, ఆగండి.

శేషాచలం_కాలిబాట · జూన్ 8, ఉదయం 9:10

తమ్ముడూ, ముందు నీ మనసులో ఉన్నది మంచి కోరికేనని చెబుతున్నాను. నెమలిని చూసి ముచ్చటపడనివాళ్లు మన జిల్లాలో ఎవరుంటారు? ఆడికృత్తికకు సుబ్రహ్మణ్యస్వామికి కావడి ఎత్తే ప్రతి ఇంట్లోనూ నెమలీక ఉంటుంది. కానీ పక్షిని పట్టుకోవడం, కొనడం, పెంచడం మన దేశంలో ఎవరికీ కుదరదు.

నెమలిని జాతీయ పక్షిగా ప్రకటించింది 1963లో. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో అది మొదటి షెడ్యూలులో ఉంది. పులి, ఏనుగు ఉన్న జాబితా అదే. ఆ చట్టం దృష్టిలో వేట అంటే చంపడం ఒక్కటే కాదు. పట్టుకోవడం, ఉచ్చు వేయడం, గుడ్లు తీయడం, గూడు చెదరగొట్టడం కూడా వేటే. 2022లో చేసిన సవరణ తర్వాత శిక్ష మూడేళ్లకు తగ్గకుండా ఏడేళ్ల దాకా జైలు, 25 వేలకు తగ్గకుండా జరిమానా. పిల్లలను తెచ్చిస్తానన్న అతనికి ఎంత శిక్షో, తెలిసి కొన్నవాళ్లకూ అంతే ఇబ్బంది.

ఇంకొక మాట. ఆ పిల్లలు ఎక్కడి నుంచి వస్తాయో ఆలోచించు. గుట్టలో పొదిగే పెట్టను తరిమి గుడ్లు ఎత్తుకొస్తారు, కోడి కింద పెట్టి పొదిగిస్తారు. లేకపోతే నడిచే పిల్లలను వలతో పడతారు. నా సర్వీసులో అలా పట్టుబడిన పిల్లలను చాలాసార్లు చూశాను. గోనెసంచిలో ఊపిరాడక సగం అప్పటికే పోయి ఉండేవి.

రాలిపడిన ఈకల సంగతి వేరు. వాటంతట అవి ఊడిన పింఛం ఈకలను ఇంట్లో పెట్టుకోవడానికి చట్టంలో మినహాయింపు ఉంది. మీ పాప పుస్తకంలోది దాచుకోనీ.

పాకాల_తోట · జూన్ 8, మధ్యాహ్నం 1:40

సార్, చాలా థాంక్స్. నిజంగా నాకు ఇంత తెలియదు. చెన్నైలో ఉన్నప్పుడు ఒక రిసార్టులో నెమళ్లు తిరుగుతుంటే చూశాను, అందుకే పెంచుకోవచ్చనుకున్నాను. ఆ సంత మనిషికి వద్దని ఫోన్ చేసి చెప్పేశాను.

రెండు సందేహాలు మిగిలాయి. తెల్ల నెమలి వేరే జాతి కాబట్టి పెంచుకోవచ్చని అతను అన్నాడు. అది నిజమా? రెండోది, తోటలో గడ్డి కోసేటప్పుడు గుడ్లు దొరికితే, తల్లి కనపడకపోతే, మన కోడి కింద పెట్టి కాపాడితే తప్పా?

శేషాచలం_కాలిబాట · జూన్ 8, మధ్యాహ్నం 2:15

తెల్ల నెమలి వేరే జాతి కాదు. మన నెమలే, ఈకల్లో రంగు లేకుండా పుట్టినది. చట్టం రెండింటికీ ఒకటే.

గుడ్లు ముట్టుకోవద్దు. తల్లి కనపడలేదంటే వదిలేసిందని కాదు. మేతకు పోయి ఉంటుంది, లేదా నువ్వు అక్కడ ఉన్నావని పొద చాటున కూర్చుని ఉంటుంది. మనం దూరంగా జరిగితే వస్తుంది. దెబ్బ తగిలిన పక్షి దొరికితే గాలి ఆడే అట్టపెట్టెలో చీకటిగా ఉంచి, నీళ్లు నోట్లో పోయకుండా, అటవీశాఖ రేంజ్ ఆఫీసుకు కబురు చెయ్యి. చట్టప్రకారం 48 గంటల్లోగా తెలియజేసి, వాళ్లు అడిగితే అప్పగించాలి, కానీ అంతసేపు ఆగడం ఎందుకు, అదే గంటలో ఫోన్ చెయ్యడం మంచిది. చనిపోయి కనపడినా అంతే.

టెక్సాస్_చిత్తూరోడు · జూన్ 9, ఉదయం 5:05

అన్నా, నేను పుట్టింది గంగాధర నెల్లూరు దగ్గర. ఇప్పుడు అమెరికాలో ఉంటున్నాను. ఇక్కడ మన నెమలిని బాతునో కోడినో కొన్నట్టు కొనుక్కుని పెంచుకోవచ్చు. మా స్థలంలో ఒక పోతు, మూడు పెట్టలు ఉన్నాయి. మీరు పెంచలేరు కాబట్టి, పెంచితే ఏమేం చూసుకోవాలో తెలిస్తే మీ మనసు కొంత కుదుటపడుతుందని రాస్తున్నాను.

ముందుగా చోటు. మీ షెడ్డు ఇరవై కోళ్లతోనే నిండింది, అది సరిపోదు. పోతు ముక్కు నుంచి పింఛం చివరి దాకా దాదాపు ఏడడుగులు ఉంటుంది. పురి విప్పి ఒక చుట్టు తిరగాలంటే దొడ్డి ఎనిమిదడుగుల కన్నా ఇరుకు ఉండకూడదు. ఇరుగ్గా ఉంటే జాలికి రాసుకుని ఈకలన్నీ విరిగిపోతాయి. కూర్చోవడానికి దుంగ ఎత్తులో ఉండాలి, పింఛం కింద నేలకు తగలకుండా. పైన కూడా జాలి వేయాలి. ఇక్కడ రాత్రిళ్లు పెద్ద గుడ్లగూబలు, రకూన్లు, కొయోట్లు వస్తాయి.

కొత్తగా తెచ్చిన పక్షులను నేరుగా వదిలితే తిరిగి రావు. నేను రెండు నెలలు దొడ్డిలోనే ఉంచాను. తర్వాత ఒక్క పెట్టను మాత్రం బయటికి వదిలాను. మిగతావి లోపల ఉన్నాయి కాబట్టి అది సాయంత్రానికి వచ్చేసింది. అలా ఒక్కొక్కటిగా అలవాటు చేశాను.

పిల్లలను బతికించడమే కష్టం. మొదటి వారం 35 డిగ్రీల వేడి కావాలి, తర్వాత వారం వారం కొద్దికొద్దిగా తగ్గించాలి. మేతలో మాంసకృత్తులు 28 శాతం దాకా ఉండాలి, మామూలు కోడిపిల్లల దాణా చాలదు. పోతుకు పూర్తి పింఛం రావడానికి మూడేళ్లు దాటుతుంది. బాగా చూసుకుంటే పదిహేను, ఇరవై ఏళ్లు బతుకుతాయి. అంటే పెంచడం మొదలుపెడితే మీ పాప పెళ్లి దాకా ఆ బాధ్యత మీదే.

కేక సంగతి కూడా చెప్పాలి. సీజన్‌లో అర్ధరాత్రి కూడా అరుస్తాయి. మా పక్కింటివాళ్లు రెండుసార్లు మా తలుపు తట్టారు. కారు నల్లగా మెరిసేలా కడిగి పెడితే, పోతు అందులో తన నీడను చూసి ఇంకో పోతు వచ్చిందనుకుని ముక్కుతో పొడుస్తుంది. నా కారు తలుపు మీద గీతలు అలా పడినవే.

ఇన్ని చేసినా ఒకటి చెబుతాను, మనసులో మాట. పొద్దున్నే దొడ్డి తలుపు తీస్తున్నప్పుడు నాకు గుర్తొచ్చేది మా అబ్బ చింతచెట్టు మీద కూర్చున్న నెమళ్లే. వాటికి ఎవరూ తలుపు తీయలేదు. మీకు అవి గుట్ట మీద ఉన్నాయి. నాకు ఇక్కడ జాలి లోపల ఉన్నాయి.

పశువుల_డాక్టర్_పుత్తూరు · జూన్ 9, సాయంత్రం 6:30

టెక్సాస్ తమ్ముడు ఒకటి వదిలేశారు. నెమలిని కోళ్లతో కలిపి ఉంచకూడదు. కోళ్ల పేగుల్లో ఉండే చిన్న నులిపురుగు గుడ్లతోపాటు బ్లాక్‌హెడ్ అనే జబ్బు క్రిమి నేలలో చేరుతుంది. కోడికి దాంతో పెద్దగా ఏమీ కాదు. నెమలికి, టర్కీకి మాత్రం లివర్ పాడై ప్రాణం పోతుంది. రెట్ట గంధకం రంగులో పసుప్పచ్చగా పడుతుంది, అదే గుర్తు. ఆ నులిపురుగు గుడ్లు నేలలో ఏళ్ల తరబడి ఉంటాయి.

ఇది మీకెందుకంటే, మీ తోటకు అడవి నెమళ్లు మేతకు దిగుతాయి. మీ నాటుకోళ్లు అదే నేల మీద తిరుగుతాయి. కాబట్టి మీ కోళ్లను ఆరోగ్యంగా ఉంచడమే ఆ నెమళ్లకు మీరు చేసే పెద్ద మేలు. మూణ్ణెల్లకోసారి నులిపురుగుల మందు వేయండి. కొక్కెర తెగులుకు పిల్లలకు ఏడో రోజున కంట్లోనో ముక్కులోనో చుక్క టీకా, ఎనిమిది వారాలు నిండాక రెక్క కింద సూది. చచ్చిన కోడిని వంకలోకి విసిరేయకండి, సున్నం చల్లి లోతుగా పూడ్చండి. మన పల్లెల్లో ఈ విసిరేసే అలవాటు ఎక్కువ. దాన్నుంచే రోగం ఊరంతా తిరుగుతుంది.

పాముల సంగతి. నెమలి చిన్న పాములను, బల్లులను, తొండలను తింటుంది, నిజమే. కానీ అది ఉంది కదా అని పాములు రావనుకుని రాత్రి టార్చి లేకుండా తోటలో నడవకండి. దాని మేతలో ఎక్కువ భాగం గింజలు, చిగుళ్లు, పండ్లు, చెదపురుగులు, మిడతలు.

పాప అడుగుతుంది కాబట్టి ఇది కూడా చెప్పి పెట్టుకోండి. పోతు కన్నీళ్లు తాగి పెట్ట గుడ్లు పెడుతుందని పెద్దవాళ్లు చెబుతారు, అది నిజం కాదు. కోడిపుంజు, కోడిపెట్ట ఎలాగో ఇవీ అలాగే. ఇంకా, పింఛం దాని తోక కాదు. వీపు చివర మొలిచే పొడవాటి ఈకలవి. అసలు తోక గోధుమ రంగులో పొట్టిగా, పురి విప్పినప్పుడు వెనక నుంచి ఊతంగా నిలబడుతుంది. వెనక నుంచి చూస్తే పాపకు కనపడుతుంది.

మీకు ఏదో ఒక కొత్త పక్షిని పెంచాలనే ఉంటే గిన్నీకోళ్లు తెచ్చుకోండి. అవి పెంపుడు పక్షులు, వాటికి ఏ అడ్డూ లేదు. ఇజ్జత్‌నగర్‌లోని కేంద్ర పక్షి పరిశోధన సంస్థ కాదంబరి, చితంబరి, శ్వేతాంబరి అని రకాలు తయారుచేసింది. మచ్చల ఈకలు ముత్యాలు అద్దినట్టు ఉంటాయి. కొత్త మనిషి వస్తే కుక్క కన్నా ముందు అరుస్తాయి. తోటలో పిడుదులను, పురుగులను ఏరుకు తింటాయి. పెట్ట సరిగా పొదగదు కాబట్టి గుడ్లను నాటుకోడి కింద పెట్టండి, 26 నుంచి 28 రోజులు పడుతుంది. పిల్లల నీళ్ల పళ్లెంలో గులకరాళ్లు వేయండి, లేకపోతే మునిగి చస్తాయి.

ఐరాల_చేను · జూన్ 10, రాత్రి 9:15

అందరూ నెమలి అందం గురించి రాస్తున్నారు. నేను చెనక్కాయలు వేసేవాణ్ణి, నా మాట కూడా వినండి.

ఎకరాకు 60 కిలోల పైనే విత్తనం పోస్తాం. వాన పడిన రెండో రోజు గొర్రు తోలి ఇంటికొస్తాం. తెల్లారి పోతే సాళ్ల వెంట గుంటలు. కోడి గీరినట్టు కాదు, ముక్కుతో సరిగ్గా గింజ ఉన్నచోటే తవ్వుతాయి. పోయిన ఏడు నాలుగు సాళ్లు మొత్తం లేచిపోయాయి. మళ్లీ విత్తనం కొని వేశాను. టమోటా పండు తిరిగితే ఒక్కోదాన్ని ఒక్కో పోటు పొడుస్తాయి. మార్కెట్లో దాన్ని ఎవరు తీసుకుంటారు? ఆ నష్టానికి నేను ఎవరిని అడగాలి?

అయినా ఒకటి చూశాక నా కోపం అంతా దిగిపోయింది. మా పక్క ఊరి చేనులో ఎవరో చెనక్కాయ గింజలకు పురుగుమందు పట్టించి గట్టు మీద చల్లారు. పొద్దున నేను మోటారు వేయడానికి పోతుంటే గెనిమ పక్కన మూడు పెట్టలు పడి ఉన్నాయి. రెండు పోయాయి. మూడోది నన్ను చూసి లేవబోయింది, కాళ్లు రాలేదు. రెక్క ఒకటి విప్పి నేల మీద ఈడ్చుకుంటూ, నోరు తెరిచి గాలి పీల్చుకుంటోంది. ముక్కు నుంచి జిగురు కారుతోంది. నేను కండువా తీసి నీడ పట్టాను. అంతకన్నా ఏం చేయాలో తెలియలేదు. కాసేపటికి మెడ వాల్చేసింది. దాని చుట్టూ పిల్లలు తిరుగుతున్నాయి, పావురం అంత కూడా లేవు. ఆ పిల్లలు ఏమయ్యాయో నాకు ఇప్పటికీ తెలియదు.

ఆ మందు కలిపినవాడు పరాయివాడేం కాదు, నాలాగే అప్పు చేసి విత్తనం పోసినవాడు. అందుకే అడుగుతున్నాను సార్, మాకు దారి ఏమిటి?

శేషాచలం_కాలిబాట · జూన్ 11, ఉదయం 8:00

నువ్వు అడిగింది న్యాయమైన ప్రశ్న. నెమలి మన గర్వం అంటాం, కానీ దాన్ని రోజూ మేపేది రైతే.

నేను ఊళ్లలో చూసి, పనిచేస్తుందని నమ్మినవి చెబుతాను. విత్తిన నాటి నుంచి మొలక నాలుగాకులు వేసేదాకా పది పన్నెండు రోజులే గండం. ఆ రోజుల్లో కూడా రోజంతా కాపలా అక్కర్లేదు. నెమలి దిగేది తెల్లవారి రెండు గంటలు, పొద్దు వాలేముందు రెండు గంటలు. ఆ రెండు పూటలా మనిషి కనపడితే చాలు. చుట్టుపక్కల చేలన్నీ ఒకే రెండు రోజుల్లో విత్తుకోగలిగితే నష్టం ఒక్కరి మీదే పడదు. విత్తాక పైన తేలిన గింజలను ఏరేయండి. పైన ఒక గింజ కనపడితేనే అది కింద తవ్వడం మొదలుపెడుతుంది. మెరిసే రిబ్బను రెండు మూడు రోజులు పనిచేస్తుంది, తర్వాత అలవాటు పడతాయి. కాబట్టి చోటు మారుస్తూ ఉండాలి.

మందు మాత్రం వద్దు. ఫోరేట్ అనే పురుగుమందు గుళికలను 2020 డిసెంబరు 31 నుంచి దేశంలో పూర్తిగా నిషేధించారు. పాత డబ్బా ఎవరింట్లోనైనా మూల ఉంటే దాన్ని చేనులో చల్లకండి. ఆ విషం తిన్న పురుగును కోడి తింటుంది, చచ్చిన నెమలిని కుక్క తింటుంది. ఇంకా, అడవిపందుల కోసం కంచెకు కరెంటు పెట్టడం. దాంతో నెమళ్లే కాదు, రాత్రి నీళ్లు కట్టడానికి పోయిన మనుషులూ పోతున్నారు. దయచేసి ఆ పని ఎవరూ చేయకండి.

కార్వేటినగరం_అక్క · జూన్ 11, మధ్యాహ్నం 3:20

పాకాల తమ్ముడూ, నువ్వు నెమలిని కొనక్కర్లేదు. గుట్ట నీ వెనకే ఉంది. నీ తోటలో దానికి భయం లేకుండా చేస్తే అదే వస్తుంది. మా తోటలో ఇప్పుడు పదకొండు తిరుగుతున్నాయి. ఎనిమిదేళ్ల కింద ఒక్కటి కూడా కంచె దాటేది కాదు.

ఎలా మొదలైందో చెబుతాను. ఆ ఏడు తొలకరికి చెట్ల మధ్య రోటవేటరు తోలిస్తున్నాం. ట్రాక్టరు మూడో వరసలో ఉండగా నేను ముందు నడుస్తూ ఎండు కొమ్మలు తీస్తున్నాను. కాలి ముందు రెండు గజాల్లో ఎండాకులే లేచినట్టు ఒక పెట్ట ధడేలున లేచింది. అంతవరకూ నేను దాన్ని చూడనే లేదు. ఆ రంగు అచ్చం ఎండు మామిడాకు రంగు. కింద గూడు ఏమీ లేదు. నేలను కాస్త గీకి పల్లంగా చేసుకుంది, అందులో ఐదు గుడ్లు. మీగడ రంగు, కోడిగుడ్డు కన్నా పెద్దవి, పెంకు మీద సన్నని గుంటలు.

డ్రైవరును ఆపమన్నాను. ఆ చెట్టు చుట్టూ పదడుగులు దున్నకుండా వదిలేశాం. గుర్తుకని గుడ్డ కట్టలేదు, కర్ర పాతలేదు. గుర్తు పెడితే మనుషులు వస్తారు, మనిషి వాసన పట్టుకుని కుక్కలు వస్తాయి. మా కుక్కను నెల రోజులు పగలూ రాత్రీ కట్టేశాం. నీళ్లు కట్టే మనిషికి ఆ వరసలోకి పోవద్దని చెప్పాం. పొదిగేది పెట్ట ఒక్కటే, పోతు దగ్గరికి కూడా రాదు. దాదాపు 28 రోజులు పడుతుంది. మేం చూసినప్పటికి కొన్ని రోజులు గడిచే ఉంటాయి, ఇరవై రెండో రోజు చూస్తే పెంకులు మాత్రమే ఉన్నాయి.

నాలుగు రోజుల తర్వాత డ్రిప్ పైపు వెంట తల్లి నడుస్తూ కనపడింది, వెనక నాలుగు పిల్లలు. తల్లి చెదపుట్టను గీకి ఒక పురుగును ముక్కుతో పట్టుకుని తల వంచి నిలబడింది. పిల్లలు దాని ముక్కులోంచి ఒక్కోటి అందుకున్నాయి. కోడిలా కింద పడేసి పిలవలేదు, నోటికి అందించింది. నేను బోరు గది నీడలో అరగంట కదలకుండా నిలబడిపోయాను.

ఇక నువ్వు చేయాల్సినవి. అన్నిటికన్నా ముందు నీళ్లు. సిమెంటు తొట్టిని నేలలోకి దించి కట్టించు, ఒక పక్క వాలుగా ఉండాలి, నీళ్లు జానెడు లోతు చాలు. లోపల రెండు రాళ్లు పెట్టు, పిల్లలు పడితే ఎక్కి రావడానికి. పొద కన్నా కొంచెం దూరంగా ఉండాలి, పిల్లి, నక్క మాటు వేయకుండా. ప్లాస్టిక్ షీటు వేసిన నీటికుంట ఉంటే అది పిల్లలకు యమగండం, జారి పడితే పైకి రాలేవు. గోనెపట్టాను రాయి కట్టి లోపలికి వేలాడదియ్యి.

గుట్ట వైపు ఒక మూల, ఒక అర ఎకరా, నీ చేతులు కట్టేసుకుని వదిలెయ్. కలివి, రేగు, తంగేడు వాటంతట అవి వస్తాయి. చెదపుట్టను తవ్వకు. కలుపుమందు కొట్టకు. వంక గట్టున చింతో కానుగో పెద్ద చెట్టు ఉంటే దాని కొమ్మ నరకనివ్వకు, రాత్రి నిద్ర అక్కడే. పిల్లలు రెండు వారాలకే కింది కొమ్మకు ఎగురుతాయి, అప్పటిదాకా తల్లి నేల మీదే రెక్కల కింద దాచుకుని పడుకుంటుంది. ఆ రెండు వారాలు నీ కుక్క, ఊరి కుక్క తోటలోకి రాకుండా చూడాలి. అదొక్కటే నేను గట్టిగా చెప్పేది.

గింజలు చల్లి మచ్చిక చేయకు. మనిషికి భయపడని నెమలి ఉచ్చు వేసేవాడి దగ్గరికి కూడా అలాగే నడిచిపోతుంది.

ఐరాల_చేను · జూన్ 11, రాత్రి 8:40

అక్కా, మీరు చెప్పిన అర ఎకరా పెద్ద తోట ఉన్నవాళ్లకు కుదురుతుంది. మాకున్నది రెండెకరాలు. కానీ గట్టు మీద కలివి పొద వదలడం, పైన తేలిన గింజలు ఏరడం నేనూ చేయగలను. ఈసారి విత్తనానికి మా నాలుగు ఇళ్లవాళ్లం ఒకే రోజు గొర్రు తోలాలని మాట్లాడుకున్నాం. పొద్దున పూట కాపలాకు వంతు వేసుకుంటున్నాం.

పాకాల_తోట · జూన్ 12, ఉదయం 7:00

ఎంత ఓపికగా రాశారు అందరూ. రాత్రి నా భార్యకు మొత్తం చదివి వినిపించాను. ఐరాల అన్న రాసింది చదివేటప్పుడు నాకు గొంతు పట్టేసింది.

కోళ్లకు నులిపురుగుల మందు ఈ ఆదివారం వేస్తున్నాను డాక్టరు గారూ. గిన్నీకోళ్లు ఇప్పుడే వద్దనుకున్నాం, ముందు ఉన్నవాటిని బాగా చూసుకుంటాం. తొట్టి పని కోత అయ్యాక మొదలుపెడతాను. పాపకు నెమలిని దగ్గరగా చూపించడానికి తిరుపతి జూకు తీసుకెళ్తాను, పింఛం వెనక నుంచి ఎలా ఉంటుందో అక్కడ చూపిస్తాను.

పాకాల_తోట · సెప్టెంబరు 21, సాయంత్రం 5:45

మళ్లీ వచ్చాను. తొట్టి జులై చివర్లో పూర్తయింది. మూడడుగుల వెడల్పు, ఒక పక్క వాలు. గుట్ట వైపు నీలం వరస చివర అర ఎకరా వదిలేశాం. మా నాన్న మొదట ఒప్పుకోలేదు, బీడు పెట్టినట్టు ఉందన్నాడు. మొదటి నెల మైనాలు, ఉడుతలు తప్ప ఏమీ రాలేదు. ఆగస్టులో తొట్టి పక్క బురదలో మూడు వేళ్ల జాడ కనపడింది. పాపే ముందు చూసింది. దాని అరచేయి పక్కన పెట్టి కొలిచింది, దాదాపు అంతే ఉంది.

తర్వాత పోతు ఒకటి రావడం మొదలుపెట్టింది. అప్పటికే దాని పింఛం సగం ఊడిపోయి ఉంది. రోజుకు ఒకటి రెండు ఈకలు చెట్ల కింద దొరికేవి. పాప ఇప్పటికి పంతొమ్మిది ఏరింది. వాటికి మేత వేయడం మానేసింది, నిజం నెమలి మేత తింటుంది కదా అంటోంది.

నిన్న పొద్దున ఆరుంపావుకు పెట్ట వచ్చింది. వెనక మూడు పిల్లలు, పావురం కన్నా కొంచెం పెద్దవి. నెత్తిన తురాయి అప్పుడే లేస్తోంది. తల్లి ముందు మెడ చాచి నాలుగు వైపులా చూసి, తర్వాత తాగింది. పిల్లలు వాలులోకి దిగి తాగాయి. ఒకటి జారి నీళ్లలో పడింది. నేను పరుగెత్తబోయాను, నా భార్య చెయ్యి పట్టుకుని ఆపింది. అది రాయి మీదికి ఎక్కి రెక్కలు విదిలించుకుని తల్లి దగ్గరికి పోయింది.

కార్వేటినగరం_అక్క · సెప్టెంబరు 21, రాత్రి 7:10

ఆ రాయి నున్నటిదా, గరుకుదా? నున్నటిదైతే పాచి పడితే జారుతుంది. వారానికోసారి కొబ్బరిపీచుతో రుద్ది నీళ్లు మార్చు. కుక్కను ఇంకో నెల కట్టే ఉంచు.

పాకాల_తోట · సెప్టెంబరు 21, రాత్రి 7:25

గరుకుదే అక్కా, గుట్ట నుంచి తెచ్చిన నల్లరాయి. రేపు పొద్దున అవి వచ్చి పోయాక తొట్టి కడుగుతాను. కుక్క కట్టేసే ఉంది.